ఆసుపత్రిలో డాక్టరు ఎలా మెలగాలి: కొత్తగా చేరేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కొత్త హౌస్ సర్జన్లు (చదువు ముగించి శిక్షణకు వచ్చే డాక్టర్లు) వార్డులోకి వచ్చిన మొదటి వారం మందుల మోతాదుల గురించి అడుగుతారు. రెండో వారం నుంచి ప్రశ్నలు మారిపోతాయి. పేషెంటు అన్నయ్య నా మీద అరిచాడు, ఏం చేయాలి? సీనియర్ ఫోన్ ఎత్తడం లేదు, ఇప్పుడు ఎవరిని అడగాలి? ఇలాంటివాటికి పాఠ్యపుస్తకంలో జవాబు దొరకదు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో పనిచేస్తూ వచ్చిన ఇన్నేళ్లలో నన్ను అడిగినవీ, ఒకప్పుడు నేను మా పెద్దవాళ్లను అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను. రోగుల బంధువులు అడిగే ప్రశ్నలు కూడా కొన్ని చేర్చాను. వాటికి జవాబు చెప్పవలసిందీ మనమే.

డాక్టర్ల ప్రవర్తనకు రాతపూర్వకమైన నియమాలు ఉన్నాయా?

ఉన్నాయి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనలే ఇప్పటికీ ఆధారం. మండలి స్థానంలో 2020 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. దాంతో పాత నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి. మన రాష్ట్రంలో డాక్టర్ల పేర్ల నమోదు, వారిపై వచ్చే ఫిర్యాదుల విచారణ తెలంగాణ వైద్య మండలి పని. దాని కార్యాలయం కోఠిలోని సుల్తాన్ బజార్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ కోసం మీరంతా అక్కడికి వెళ్లే ఉంటారు. ఆ నిబంధనలను మాత్రం చాలామంది తెరిచి చూడరు. చదవడానికి ఒక సాయంత్రం చాలు, దయచేసి చదవండి.

రోగిని ‘నువ్వు’ అనకూడదా? ఊళ్లో అందరూ అలాగే పిలుచుకుంటారు కదా?

అనకూడదు. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

నాగర్‌కర్నూలు నుంచో నారాయణఖేడ్ నుంచో చీకటితోనే బస్సెక్కి, ఉస్మానియాలో ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడిన అరవై ఏళ్ల మనిషిని ఇరవై మూడేళ్ల డాక్టరు ‘ఏయ్, ఇటు రా, ఏమైంది నీకు?’ అంటాడు. ఖరీదైన గదిలో చేరిన రోగి దగ్గరికి వెళితే అదే నోటికి ‘మీరు’ అన్న మాట దానంతటదే వస్తుంది. మర్యాద తెలియకపోవడం కాదు ఇది, ఎవరికి ఇవ్వాలో ముందే లెక్క వేసుకోవడం.

పల్లెల్లో పెద్దవాళ్లను కూడా ‘నువ్వు’ అని పిలిచే అలవాటు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ ఆ పిలుపు రెండు వైపుల నుంచీ సాగుతుంది, పక్కన ఒక వరస కూడా ఉంటుంది. ఆసుపత్రిలో ఆయన మిమ్మల్ని ‘సారూ’ అంటాడు, మీరు ఆయనను ‘నువ్వు’ అంటారు. అందులో ఊరి ఆప్యాయత ఎక్కడుంది? పాతబస్తీ నుంచి వచ్చిన వారితో ఉర్దూలో మాట్లాడేటప్పుడు కూడా అంతే, ‘ఆప్’ అనే అనండి.

ఇది వైద్యానికి సంబంధం లేని సంగతి అనుకోవద్దు. మా వార్డులో ఒక పెద్దాయన కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో ముగ్గురు డాక్టర్లకు అంతుచిక్కలేదు. ఏమేం మందులు వాడుతున్నావని ముగ్గురూ గద్దించి అడిగారు. ‘ఏమీ లేవు సారూ’ అన్నాడు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి రోజూ నొప్పి బిళ్లలు మింగుతున్న సంగతి ఆయన ఆయమ్మకు చెప్పాడు. ఆమె ‘అన్నం తిన్నావా పెదనాన్నా’ అని అడిగి, పక్కన నిలబడింది. తిడతారన్న భయంతో దాచిన ఆ ఒక్క ముక్క మాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఆ ముగ్గురిలో నేనూ ఉన్నాను.

కాబట్టి మంచం దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి. కేస్ షీట్ మీద రోగి పేరు చూసి ఆ పేరుతో పిలవండి, లేదా అమ్మా, అయ్యా అనండి. ‘మూడో బెడ్ హెర్నియా’ అని ఆయన వినేలా అనవద్దు. ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పండి. స్త్రీలను పరీక్షించేటప్పుడు తెర వేయాలి. పరీక్షించేది మగ డాక్టరైతే పక్కన సిస్టర్ గానీ మరో మహిళా సిబ్బంది గానీ ఉండి తీరాలి. రద్దీ ఎక్కువగా ఉందనేది దీనికి మినహాయింపు కాదు.

నాకు తెలుగు, ఉర్దూ సరిగా రావు. ఎలా?

మొదటి నెలలో యాభై మాటలు నేర్చుకోండి, సిస్టర్లు సంతోషంగా నేర్పుతారు. అప్పటిదాకా ఎవరి సాయమైనా తీసుకోండి గానీ, తల్లి రుతుక్రమం గురించి పన్నెండేళ్ల కొడుకుతో అడిగించవద్దు.

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకురమ్మని సీనియర్ పంపారు. సంతకం తీసుకుంటే సరిపోతుందా?

సంతకం అనేది ఒక సంభాషణ జరిగిందనడానికి గుర్తు. సంభాషణ జరగకపోతే ఆ కాగితానికి విలువ లేదు. ఏం చేయబోతున్నారు, ఎందుకు, వేరే మార్గాలు ఏమున్నాయి, ప్రమాదం ఎంత, వద్దనుకుంటే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాలని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. ఆ కేసులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణం కాపాడటానికి తప్పనిసరైతేనే మినహాయింపు అని కోర్టు చెప్పింది.

మన దగ్గర తరచుగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. భార్యకు ఆపరేషన్ అయితే భర్తను పిలిచి సంతకం పెట్టించడం. స్పృహలో ఉన్న మేజరైన మనిషి శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే. భర్తకు కూడా వివరించండి, మంచిదే, కానీ ఆమెను దాటి వెళ్లవద్దు. గర్భస్రావం విషయంలోనైతే చట్టం మరీ స్పష్టంగా ఉంది. మానసిక అస్వస్థత లేని మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు.

వేలిముద్ర వేసేవారికి ఫారం చదివి వినిపించి, ‘ఇప్పుడు మీకేం చేస్తామో మీ మాటల్లో చెప్పండమ్మా’ అని అడగండి. ‘పొట్ట కోసి గడ్డ తీస్తరట’ అని ఆమె చెప్పగలిగితే మీరు సరిగా వివరించినట్లు. ‘ఏమో సారూ, మీరు ఏది చేస్తే అదే’ అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇక వివరించాల్సిన బాధ్యత ఆపరేషన్ చేసే డాక్టరుది. ఆ ఆపరేషన్ గురించి మీకే పూర్తిగా తెలియకపోతే ‘సార్, మీరు ఒకసారి మాట్లాడండి’ అని సీనియర్‌ను పిలవండి. అందులో తప్పు లేదు.

క్యాన్సర్ అని నాన్నకు చెప్పవద్దని పిల్లలు బతిమాలుతున్నారు. ఏం చేయాలి?

మన ఇళ్లలో ఇది ప్రేమతోనే వచ్చే కోరిక. ‘తెలిస్తే తట్టుకోలేడు’ అంటారు. వాళ్ల మీద విసుక్కోవద్దు. కానీ రెడ్ హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి గేటు దాటి లోపలికి వచ్చిన మనిషికి తన జబ్బు ఏమిటో తెలియదని నమ్మడం కష్టం. చాలామంది నాన్నలు పిల్లల కోసం తెలియనట్లు ఉంటారు. పిల్లలు నాన్న కోసం దాస్తారు. ఒకే గదిలో ఇద్దరూ ఒంటరివాళ్లైపోతారు.

రోగినే మెల్లగా అడగండి: ‘మీ జబ్బు గురించి అన్నీ మీకు చెప్పమంటారా, లేక మీ అబ్బాయితో మాట్లాడమంటారా?’ కొందరు ‘వాడితోనే చెప్పండి’ అంటారు, ఆ మాటను గౌరవించాలి. తెలుసుకోవాలనుకుంటే చెప్పాలి. ఆయన సూటిగా అడిగినప్పుడు అబద్ధం మాత్రం ఆడవద్దు. జబ్బు తీవ్రతను పెంచీ చెప్పవద్దు, తగ్గించీ చెప్పవద్దు అని 2002 నిబంధనలు అంటున్నాయి. నా అనుభవంలో తగ్గించి చెప్పడమే ఎక్కువ నష్టం చేస్తుంది. భూమి పంపకాలు, ఆడపిల్ల పెళ్లి, చివరిసారి చూడాల్సిన తమ్ముడు, ఇలాంటి పనులకు మిగిలిన కాలాన్ని మనం ఆయన చేతుల్లోంచి లాక్కుంటాం.

చనిపోయారన్న వార్త బంధువులకు ఎలా చెప్పాలి?

నిలబడి చెప్పవద్దు, వరండాలో చెప్పవద్దు. ఐసీయూ తలుపు సగం తెరిచి, ‘పేషెంట్ ఎక్స్‌పైర్ అయ్యారు, బిల్లింగ్‌కు వెళ్లండి’ అనడం నేను విన్నాను. అది విన్న ఆ ఇంటి కోడలికి మొదటి మాట అర్థం కాలేదు. రెండోది మాత్రమే అర్థమైంది. డబ్బు కట్టి వచ్చి, ‘ఇప్పుడు ఎలా ఉన్నారు సార్’ అని అడిగింది.

ఒక గది వెతకండి. దొరకకపోతే జనం లేని మూల రెండు కుర్చీలు వేయించండి. దగ్గరివారు ఎవరో కనుక్కుని, వారి పక్కన ఇంకొకరు ఉండేలా చూడండి. ఫోను సైలెంట్‌లో పెట్టి కూర్చోండి. ఇప్పటిదాకా ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పి, ‘మీ అమ్మగారు చనిపోయారు’ అని తెలుగులో స్పష్టంగా అనండి. ‘చనిపోయారు’ అనే మాట ఒక్కసారైనా నోట రావాలి. ‘పరిస్థితి విషమం’, ‘సీరియస్’, ‘చేతులు దాటిపోయింది’ అనే మాటలు వారం రోజులుగా విని విని ఉన్నవారికి వాటిలో ఏది చివరిదో తెలియదు.

ఆ తర్వాత మాట్లాడకండి. ఏడవనివ్వండి. ఈ మౌనం కొత్త డాక్టర్లకు భరించరానిదిగా ఉంటుంది, వెంటనే మందుల పేర్లు, రక్తపోటు అంకెలు చెప్పడం మొదలుపెడతారు. అవి ఎవరి చెవికీ ఎక్కవు. కాసేపటికి వారే అడుగుతారు: నొప్పి పడిందా? ఏమైనా మాట్లాడిందా? నిజం చెప్పండి. చివరగా ఊరికి తీసుకెళ్లే ఏర్పాటు, మరణ ధ్రువీకరణ, మెడికో లీగల్ కేసైతే (పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) పోస్టుమార్టం గురించి వివరించి, ఆ పనులు చూసే ఉద్యోగిని వారికి స్వయంగా పరిచయం చేసి రండి.

బిల్లు కట్టలేదని మృతదేహాన్ని ఆపవచ్చా? డబ్బు లేదని అత్యవసర కేసును పంపేయవచ్చా?

రెండూ తప్పే. బాకీ సాకుతో మృతదేహాన్ని గానీ రోగిని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన 17 రోగుల హక్కుల పత్రం చెబుతోంది. ఇక అత్యవసర స్థితి గురించి సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది: ముందు ప్రాణం, తర్వాతే పోలీసులు, కాగితాలు. మీ దగ్గర వెంటిలేటర్ లేకపోతే ప్రాథమిక చికిత్స చేసి, పంపబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం ఉందో లేదో కనుక్కుని, రాతపూర్వకంగా రాసి పంపండి. ‘గాంధీకి తీసుకెళ్లండి’ అని నోటిమాటగా పంపేయడం రిఫరల్ అనిపించుకోదు. లైంగిక దాడికి గురైనవారు వస్తే ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చేయాలి. వారికి రెండు వేళ్ల పరీక్ష (యోనిలో వేళ్లు పెట్టి చూసే పాత పద్ధతి) చేస్తే అది దుష్ప్రవర్తన కిందకే వస్తుందని 2022లో సుప్రీంకోర్టు ప్రకటించింది.

రోగి వివరాలు బయటికి చెప్పకూడదని తెలుసు. అయినా ఎక్కడ జారిపోతాం?

లిఫ్టులో. ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఎక్స్‌రే మీద మూలన మిగిలిపోయిన పేరులో. ‘మా బావమరిదికి తెలిసినవాళ్లు, కాస్త చూసి చెప్పు’ అంటూ చుట్టాలు చేసిన ఫోనులో. హెచ్‌ఐవీ ఉన్నవారి మంచానికి ఎర్ర స్టిక్కర్ అంటించే పాత అలవాటు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే వెంటనే తీసేయించండి. 2017లో వచ్చిన చట్టం వారి గోప్యతకు రక్షణ ఇచ్చింది, వివక్షను నిషేధించింది. ఏ రోగి వివరాలైనా సరే, కోర్టు ఆదేశం, మరొకరికి స్పష్టమైన ముప్పు, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన అంటువ్యాధి వంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు ఉంది.

వార్డులో రీల్స్ తీయడం గురించి కూడా అడుగుతున్నారు. తీయవద్దు.

కేస్ షీట్‌లో తర్వాత మార్చి రాయవచ్చా?

పొరపాటును ఒక గీతతో కొట్టేసి, కింది అక్షరాలు కనిపించేలా ఉంచి, తేదీ, సమయం వేసి సంతకం చేయండి. తెల్ల సిరా పూయడం, కాగితం మార్చడం తప్పు. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ అతను అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందుల పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో, జెనెరిక్ పేర్లతో రాయాలి. రికార్డుల గడువులు, మందుల పేర్ల సంగతి నిబంధనల్లో ఉన్నవే.

ఆపరేషన్ థియేటర్లో ఫోన్ వాడితే తప్పా?

మత్తు ఇచ్చినవారు ఫోన్ చూడటం నేను సహించలేను. 1888, 1889ల్లో ఇదే నగరంలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో, అప్పటి మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో పరిశీలించడానికి రెండు కమిషన్లు పనిచేశాయి. మత్తు ఇచ్చే మనిషి రోగి శ్వాస మీదే దృష్టి నిలపాలని ఆయన పట్టుబట్టాడు. క్లోరోఫాం గుండెకు నేరుగా హాని చేయదన్న విషయంలో ఆయన పొరబడ్డాడని తర్వాత తేలింది. శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న మాట మాత్రం నిలిచింది. మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ నగరం మనిషే.

ఊళ్లోని ఆర్‌ఎంపీ కేసు పంపితే కమీషన్ ఇవ్వడం మామూలే అంటున్నారు. నిజమా?

మామూలుగా జరగడం నిజం. తప్పు కావడం కూడా నిజం. రోగిని పంపినందుకు డబ్బు ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ 2002 నిబంధనలు నిషేధించాయి. స్కానింగ్ సెంటర్ నుంచి వచ్చే కవర్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. పుస్తెలతాడు కుదువపెట్టి కట్టిన బిల్లులోంచే వస్తుంది. అవసరం లేని స్కానింగు, ఒక రోజు ఎక్కువ ఐసీయూ, దగ్గర్లోని మంచి ఆసుపత్రిని దాటించి దూరం పంపడం, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

అర్ధరాత్రి అంబులెన్స్ పిలిచి రోగిని ఎక్కించింది చాలాసార్లు ఆ ఆర్‌ఎంపీయే. అతనితో మర్యాదగా మాట్లాడండి. రోగి ఒప్పుకుంటే ఇంటికి వెళ్లాక ఏం జాగ్రత్తలు కావాలో వివరించండి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పంపాలో చెప్పండి. డబ్బు ఇవ్వవద్దు.

మందుల కంపెనీల బహుమతులకూ ఇదే వర్తిస్తుంది. 2016 సవరణ ప్రకారం వెయ్యి రూపాయలు దాటిన బహుమతికి మందలింపు ఉంది, ఐదు వేలు దాటితే మూడు నెలలు, లక్ష దాటితే ఏడాదికి పైగా రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అవకాశం ఉంది.

రాత్రి డ్యూటీలో సీనియర్ ఫోన్ ఎత్తడం లేదు. లేదా ఎత్తి తిడుతున్నారు.

మళ్లీ చేయండి. ఆయన తర్వాతివారికి చేయండి, అప్పటికీ కాకపోతే డ్యూటీ ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్‌కు చేయండి. ఎన్ని గంటలకు ఎవరికి చేశారో కేస్ షీట్‌లో రాయండి. తిట్లు పొద్దుటికి మరిచిపోతారు, ఆలస్యం వల్ల పోయిన ప్రాణం తిరిగి రాదు. సీనియర్లకు కూడా ఒక మాట: తెల్లవారుజామున మూడు గంటలకు పీజీ ఫోన్ చేస్తే ‘ఇంత చిన్నదానికా?’ అనకండి. మరుసటి రాత్రి నిజంగా పెద్దది వచ్చినప్పుడు ఆ అమ్మాయి చెయ్యి ఫోన్ మీద ఆగిపోతుంది.

నిద్ర లేకుండా ముప్పై గంటలు నిలబడటం గొప్ప అని మా తరం చెప్పుకునేది. తప్పు చెప్పుకున్నాం. 2023 పీజీ నిబంధనలు వారానికి ఒక సెలవు, రోజూ తగిన విశ్రాంతి ఉండాలంటున్నాయి. కళ్లు మూతలు పడుతుంటే చెప్పండి, మీ చేతిలోని ఇంజెక్షన్‌ను మరొకరితో సరిచూపించండి. ఒకవేళ సిస్టర్ ‘డాక్టర్, ఈ డోసు ఎక్కువేమో’ అంటే ఆగి చూడండి, ధన్యవాదాలు చెప్పండి. అది మీకు అవమానమేమీ కాదు.

సీనియర్ లేదా తోటి ఉద్యోగి అసభ్యంగా ప్రవర్తిస్తే?

పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆసుపత్రిలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మహిళలు మూడు నెలల్లోగా దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ‘యూనిట్ పరువు పోతుంది’ అనేవారి మాట వినవద్దు.

నా వల్ల తప్పు జరిగింది. రోగికి చెబితే జైలుకు పోతానా?

నిజాయితీతో తీసుకున్న నిర్ణయం విఫలమైతే అది నేరం కాదు. క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో స్పష్టం చేసింది. తప్పు తెలియగానే ముందు రోగికి జరిగిన నష్టాన్ని సరిచేసే పని చూడండి. వెంటనే యూనిట్ చీఫ్‌కు చెప్పండి. తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లి, ఏం జరిగింది, ఇప్పుడేం చేస్తున్నారు అన్నది రోగికి చెప్పండి. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకరి మందును పక్క మంచం మనిషికి రాశాను. ప్రమాదం జరగలేదు. అయినా మా చీఫ్ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లి చెప్పించారు. ఆయన కాసేపు చూసి, ‘రాత్రంతా నిద్రపోలే కదా బిడ్డా’ అన్నాడు.

బంధువులు కొట్టడానికి వస్తే?

మీరు అక్కడి నుంచి తప్పుకోండి, సెక్యూరిటీని, పోలీసులను పిలవండి. వైద్య సిబ్బందిపై దాడికి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా విధించే చట్టం 2008 నుంచి ఉంది. దాడిని ఏ కారణమూ సమర్థించదు. ఆ రోజు గడిచాక మాత్రం ఒకటి వెనక్కి తిరిగి చూసుకోండి: చివరిసారి వారికి రోగి సంగతి ఎవరు, ఎప్పుడు చెప్పారు? చాలాసార్లు పొద్దుటి నుంచి ఎవరూ చెప్పి ఉండరు. రోజుకు రెండు వేళలు పెట్టుకుని, ఆ వేళకు తప్పకుండా వెళ్లి, కొత్త విషయం ఏమీ లేకపోయినా లేదని చెప్పండి.

మా బిడ్డను చూసిన డాక్టరు పేరు కూడా మాకు తెలియదు. అడగవచ్చా? ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

నిలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. తప్పకుండా అడగవచ్చమ్మా. మందుల చీటీ మీద, రశీదు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాసి ఇవ్వండి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే తెలంగాణ వైద్య మండలికి, జరిగింది తేదీల వారీగా రాసి, డిశ్చార్జి కాగితాలు, చీటీలు, రశీదుల నకళ్లు జతచేసి పంపండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఫిర్యాదుపై ఆరు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని నిబంధన ఉంది. తెలుగులో రాయడానికి సంకోచించవద్దు.